గీకిన గుల్లలు మళ్లీ నీళ్లలోకేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

విశాఖ దగ్గర ఒక బోట్ జెట్టీలో పోయిన ఆదివారం చూసింది రాస్తున్నా. పోటు తగ్గి మెట్లు బయటపడ్డాయి, కూలివాళ్లు పారలతో మెట్లకీ కింద స్తంభాలకీ పట్టిన గుల్లలన్నీ చెక్కేస్తున్నారు. మెట్లు చెక్కడం మంచిదే, మా మేనల్లుడు అక్కడే జారి మోకాలు చీరుకున్నాడు, బ్లేడులా కోస్తాయవి. కానీ చెక్కిందంతా చీపురుతో ఊడ్చి అక్కడే నీళ్లలోకి నెట్టేశారు. పక్కన గట్టెక్కించిన బోటు చెక్కుడూ అంతే, పాత రంగు పెచ్చులతో సహా. గుల్లలు పట్టకుండా ఆ రంగుల్లో రాగి కలుపుతారండీ. ఇదేంటని అడిగితే "సముద్రంలోంచి వచ్చింది సముద్రంలోకే కదా సార్" అన్నాడు మేస్త్రీ.

గుల్లలున్న ఒక పెచ్చు ఇంటికి తెచ్చి అక్కడి నీళ్లలోనే వేశా, పిల్లలకి చూపిద్దామని. కాసేపటికి తెల్ల గుల్ల నెత్తిన తలుపులాంటిది తెరుచుకుని ఈకల్లాంటి కాళ్లు బయటికొచ్చాయి, గుప్పిట తెరిచి మూసినట్టు ఆడిస్తానే ఉంది. బార్నకిల్ అంటారు దీన్ని, రొయ్య పీతల చుట్టమే, తలకిందులుగా అతుక్కుని జన్మంతా కాళ్లతోనే తింటుంది. సందులోంచి గోరంత పీత కూడా దిగింది. అంటే చెక్కినంత మాత్రాన అన్నీ చావట్లేదన్నమాట.

నా భయం అక్కడే, బతికున్నవి నీళ్లలో పడి ఇంకో చోట పాతుకుంటాయేమోనని. నల్లచారల ఆల్చిప్ప ఒకటుంది, మైటిలాప్సిస్ సాలీ దాని సైన్స్ పేరు, అమెరికా ఖండం వేడి తీరాలది, మన దేశంలో మొదట కనబడింది 1967లో, మన విశాఖ హార్బర్లోనే. రెండు మూడు సెంటీమీటర్లుంటుంది అంతే, కానీ మురికినీ ఉప్పు తగ్గిన నీళ్లనీ తట్టుకుని, దారాలతో ఒకదాన్నొకటి పట్టుకుని దుప్పటిలా కప్పేస్తుంది. 1999లో ఇదే ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దొరికితే బోట్లు కదలనివ్వకుండా ఆపేసి, నీళ్లలో క్లోరిన్, మైలుతుత్తం పోసి వదిలించుకున్నారు, మిగతా జీవాలూ పోయాయి దాంతో. మనకి ఆ మందులు వద్దు. స్తంభాల మీదవి ఉండనివ్వండి, ఆల్చిప్పలు నీళ్లు వడగడతాయి, చేపలకి తిండి కూడా. మెట్లు, నిచ్చెన, బోట్లు చెక్కితే చాలు, ఆ చెక్కింది మాత్రం కింద టార్పాలిన్ పరిచి పోగుచేసి గట్టు మీద దూరంగా ఎండబెట్టి, చెత్త బండికెక్కించాలి.

అమావాస్యకి నీళ్లు బాగా దిగుతాయి కదా, మిగిలింది అప్పుడు చెక్కుతారట. ఈలోగా ఒక టార్పాలిన్ కొనమనండి.

- ఒక పాఠకుడు, విశాఖపట్నం