నాయనా, ఆ పిట్ట సంగతి కాగితం మీద పెట్టు

అబర్డీన్, స్కాట్లాండ్

నాయనకు నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. చలి తగ్గింది, పిల్లలు సాయంత్రాలు బయట ఆడుకుంటున్నారు. అమ్మ పంపిన ఊరమిరపకాయలు ఇంకా ఉన్నాయి, పొదుపుగా వాడుకుంటున్నాం. మొన్న ఫోనులో, నువ్వు చూసింది అరుదైన కలివి కోడే అన్న నీ పిట్ట సంగతి సగంలోనే ఆగిపోయింది. బావ పక్కనుంచి నవ్వుతుంటే నీకు కోపం వచ్చి ఫోను అమ్మ చేతికిచ్చేశావు. మిగిలింది ఫోనులో తెగేది కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక మాట. నీ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. లంకమల కొండల కింద, రాళ్ళూ పొదలూ ఉన్న నేలలో, చీకటి పడే వేళ, పొదల మధ్య పరుగెత్తిన పిట్ట అన్నావు. కలివి కోడికి ఆ చోటు సరిపోతుంది, ఆ వేళ సరిపోతుంది. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ 1848లో లోకానికి చెప్పిన పిట్ట అది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనే అనుకున్నారు. మళ్ళీ 1986లో కనబడింది మన కడప జిల్లాలోనే, రెడ్డిపల్లి దగ్గర. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ళు వెతికినా దొరకనిది, దాన్ని ముందునుంచీ కలివి కోడి అని పేరు పెట్టి పిలుచుకునే మనవాళ్ళ వల్లే దొరికింది. తర్వాత మళ్ళీ ఏళ్ళ తరబడి జాడ లేదు. 2025 ఆగస్టులో దాని కూత మన కడప జిల్లాలో రికార్డయిందని చదివినప్పుడు ఇక్కడ నా కళ్ళు చెమర్చాయి. కాబట్టి నువ్వు చూసింది కలివి కోడి అయ్యుండొచ్చు. అయ్యుండొచ్చు అనే అంటున్నాను, అయింది అనడం లేదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరం గురించే ఈ ఉత్తరం.

ఇక్కడ ఊరికి ఉత్తరాన న్యూబర్గ్ అనే చోట ఐథన్ అనే చిన్న ఏరు సముద్రంలో కలుస్తుంది. అవతలి గట్టున ఇసుక దిబ్బల మీద వేసవిలో టెర్న్ పిట్టలు గూళ్ళు పెడతాయి. మన సోమశిల నీళ్ళ మీద తిరిగి మునుగుతూ చేపలు పట్టే సన్నటి తెల్ల పిట్టలుంటాయే, ఆ జాతే. సెలవు రోజుల్లో నేను అక్కడికి వెళ్తుంటాను. రిటైరైన టీచర్లు, చమురు కంపెనీలో నాతో పనిచేసేవాళ్ళు, కాలేజీ పిల్లలు, అందరూ దూరంగా ఉన్న పిట్టల్ని చూసే స్కోపులు పెట్టుకుని నిలబడి ఉంటారు. కామన్ టెర్న్, ఆర్కిటిక్ టెర్న్ అని రెండు ఉన్నాయి. రెండూ తెలుపు, రెంటికీ నల్లటి టోపీ, రెంటికీ ఎర్ర ముక్కు. ఒకదాని ముక్కు నారింజ కలిసిన ఎరుపు, కొసన నలుపు ఉంటుంది. రెండోదానికి ముక్కంతా ముదురు ఎరుపే, కాళ్ళు మరీ పొట్టి. అది చలికాలానికి ఏకంగా అంటార్కిటికా దాకా పోయి వస్తుంది. ఎదురుగా రాయి మీద కూర్చుంటే చెప్పడం సులువే. గాలిలో, ఎండ కళ్ళలోకి కొడుతున్నప్పుడు, మూడు వందల గజాల దూరంలో ఎగురుతుంటే? అప్పుడు మొదలవుతుంది వాదన. తోక పొడుగంటారు ఒకరు, రెక్క ఈకల్లోంచి వెలుతురు కనబడిందంటారు మరొకరు.

నాకు వీళ్ళలో బాగా నచ్చింది వాదన ముగిసే తీరు. ఎటూ తేలకపోతే నోట్‌బుక్కులో "కామన్ లేదా ఆర్కిటిక్" అని రాసుకుని ముందుకు పోతారు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న పెద్దాయన కూడా అలాగే రాస్తాడు. దాన్ని ఎవరూ నామోషీగా అనుకోరు. తెలియని చోట తెలియదని రాసేవాడి మాటకే, తెలుసని రాసినప్పుడు విలువ ఎక్కువ. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒక మాట అన్నాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఇది మనం కూడా నేర్చుకోవాల్సిన పద్ధతి అని నా గట్టి నమ్మకం.

మరీ అరుదైన పిట్ట అయితే సంగతి వేరు. బ్రిటన్ మొత్తానికీ ఒక కమిటీ ఉంది, 1959 నుంచి నడుస్తోంది. ఓటు వేసేవాళ్ళు పదిమంది. అరుదైన పిట్ట చూశానని ఎవరన్నా అంటే, ఏ రోజు, ఎంత దూరం నుంచి, ఎంతసేపు, వెలుతురు ఎటు, పక్కన ఏ పిట్ట ఉంది, దీన్ని ఇంకో పిట్ట కాదని ఎలా అనుకున్నావు అని అన్నీ రాసి పంపమంటారు. చాలకపోతే "రుజువు కాలేదు" అంటారు. ఆ మాటకు నువ్వు అబద్ధమాడావని అర్థం కాదు. చూసినవాడికి నిజమే అయినా, రేపు చదివేవాడు నమ్మడానికి కాగితం మీద ఉన్నది చాలలేదని అర్థం. కొందరు నొచ్చుకుంటారు, కాదనను. కానీ ఇంత పట్టుదల ఎందుకంటే వీళ్ళకు ఒకసారి గట్టి దెబ్బ తగిలింది. ఇంగ్లండు దక్షిణ తీరంలో హేస్టింగ్స్ చుట్టుపక్కల 1892 నుంచి 1930 దాకా నమ్మశక్యం కానన్ని అరుదైన పిట్టలు దొరికాయి. చచ్చిన పిట్టల్లో గడ్డి కూరి అమ్మే ఒక వ్యాపారి చేతుల మీదుగానే చాలావరకు వచ్చాయి. విదేశాల నుంచి తెప్పించి ఇక్కడే దొరికాయని అమ్మారన్న అనుమానం ఏళ్ళ తరబడి నలిగింది. చివరికి 1962లో లెక్కలతో సహా బయటపెట్టి, 29 జాతులను, ఉపజాతులను దేశపు జాబితా నుంచి తీసేశారు. వాటిలో చాలావరకు తర్వాత నిజంగానే ఇక్కడ కనబడి, తిరిగి జాబితాలోకి వచ్చాయి. నన్ను బాధపెట్టేది ఇదే. ఆ మోసం వల్ల, అదే ఊళ్ళో అదే కాలంలో నిజం చెప్పినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ మాట కూడా కొట్టుకుపోయింది.

ఇప్పుడు నీ పిట్ట దగ్గరికి వస్తాను. బావ తీతువు పిట్ట అన్నాడు. అది కాదని నేనూ అంటాను. పుట్టినప్పటి నుంచి తీతువును చూస్తున్నవాడివి, దాని అరుపు ఎరిగినవాడివి, నువ్వు పొరబడవు. అయితే బావ అనని పేర్లు ఇంకో మూడున్నాయి. ఒకటి, ముక్కు దగ్గర పసుపు తోలు వేలాడే తీతువు. అది మామూలు తీతువు కన్నా చిన్నది, ఎండిన నేలలోనే తిరుగుతుంది. దాని నల్ల టోపీ కింద తెల్ల చార ఉంటుంది, మసక వెలుతురులో కలివి కోడి తెల్ల కనుబొమ్మలాగే అనిపిస్తుంది. రెండోది, బీడు నేలల్లో పగలు గుంపుగా పరుగెత్తే కోర్సర్. దీనికీ కంటి మీద తెల్ల చార ఉంటుంది, కానీ రొమ్ము ఎర్రమట్టి రంగు, అడ్డ పట్టీలు ఉండవు. మూడోది రాత్రిపూట తిరిగే పెద్ద కళ్ళ పిట్ట, ఒంటి నిండా గీతలుంటాయి. అది వీటన్నిటికన్నా పెద్దది. కలివి కోడికి రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు, గొంతు మీద ఎర్రటి మచ్చ, పసుపు ముక్కుకు నల్ల కొస. ఎగిరితే తోక నల్లగా కనబడుతుంది.

నాయనా, ఇక్కడ ఒక మాట అడగాలి, కోపం తెచ్చుకోవద్దు. నువ్వు మొదటిసారి ఫోను చేసినప్పుడు, కళ్ళు పెద్దవి, తల మీద తెల్ల చార, ఆగి ఆగి పరుగెత్తింది అన్నావు. పట్టీల మాట లేదు. తర్వాత చిన్నోడు సెల్లులో బొమ్మ చూపించాడు. మొన్న చెప్పినప్పుడు రెండు పట్టీలు, గొంతు మచ్చ కూడా వచ్చాయి. నువ్వు కల్పించావని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. బొమ్మ చూశాక మనసు తనకు తెలియకుండానే చూడనిదాన్ని కూడా చూసినట్టు నింపుకుంటుంది. ఇక్కడ అందరికన్నా అనుభవజ్ఞులు కూడా దీనికే భయపడతారు, అందుకే పిట్ట ఎదురుగా ఉండగానే రాసుకుంటారు, పుస్తకం తర్వాతే తెరుస్తారు. అందుకని, మొదటి రోజు నీకు గుర్తున్నది మాత్రమే వేరే కాగితం మీద రాయి. బొమ్మ చూశాక గుర్తొచ్చినవి కింద విడిగా రాయి, వాటిని కొట్టేయొద్దు. పట్టీలు కనిపించాయో లేదో తెలియకపోతే "తెలియదు" అని రాయి. పొద్దు మునిగి ఎంతసేపయింది, ఎన్ని అడుగుల దూరం, మోటారు దగ్గర లైటు వెలుగుతోందా, పిట్ట అరిచిందా, ఎగిరిందా, ఎగిరితే తోక ఎలా ఉంది, అన్నీ పెట్టు. దాని వాలకం గురించి ఎక్కువ రాయి. నడిచే తీరు, ఆగే తీరు నువ్వు చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు.

ఇంకో జాగ్రత్త. చోటు ఎక్కడో ఊళ్ళో అందరికీ చెప్పొద్దు. 1986లో దొరికిన పిట్ట పట్టుకున్న కొద్ది రోజులకే చచ్చిపోయింది. టార్చీలేసుకుని పదిమంది పొదల్లో తిరిగితే నిజంగా అదే ఉన్నా దూరం పోతుంది. చిన్నోడు సెల్లులో దాని కూత పెట్టి పిలుద్దామంటున్నాడట, అది అసలు చేయొద్దని చెప్పు. పొద్దు మునిగిన ముప్పావు గంటకు అటు ఇటుగా కొద్దిసేపు మాత్రమే కూస్తుందంటారు. మోటారు ఆపేసి, గట్టు మీద కూర్చుని, సెల్లులో రికార్డింగు పెట్టి ఉంచమను, అంతే. కంటికి కనబడకపోయినా కూత ఉంటే చాలు, దాన్ని కాదనే మొనగాడు లేడు.

ఇంత గట్టిగా చెప్పడానికి ఈ ఊళ్ళోనే ఒక కారణం ఉంది. ఈ అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఒక గుడ్డు ఉంది. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసే ఒక పశువుల డాక్టరు సేకరించిన గుడ్డు అది, చేతులు మారి ఇంత దూరం వచ్చి పడింది. మ్యూజియంలో దాచిన పాత కలివి కోడి చర్మాల డీఎన్‌ఏతో పోల్చి చూస్తే సరిపోయింది, 2013లో ఆ వార్త బయటికొచ్చింది. అప్పటికి కలివి కోడి గుడ్డు అని తెలిసి ఉన్నది లోకంలో ఇదొక్కటే. 1900 తర్వాత ఎవరూ చూడలేదనుకున్న కాలంలో, చిత్తూరు సరిహద్దుకు అంత దగ్గరలో అది గుడ్డు పెట్టింది. ఆ రోజు ఎవరో శ్రద్ధగా దాచి, ఎక్కడిదో ఎప్పటిదో వివరం పెట్టబట్టి, దాదాపు వందేళ్ళ తర్వాత తేలింది. నీ కాగితానికీ అంత ఆయుష్షు ఉండొచ్చు. ఇప్పుడు ఎవరూ నమ్మకపోవచ్చు. రేపు పక్క చేలో ఇంకొకరికి కూత వినబడితే, నీ తేదీ, నీ చోటు అప్పుడు పనికొస్తాయి.

కాగితం రాశాక ఫోటో తీసి నాకు పంపించమను. ఇంగ్లీషులోకి నేను మారుస్తాను, మన దగ్గర ఈ పిట్ట మీద పనిచేసేవాళ్ళకు చేరేలా చూస్తాను. నీ పేరుతోనే పంపుతాను. వాళ్ళు ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో అడిగి తెలుసుకుని నీకు రాస్తాను. బావను కూడా పక్కన కూర్చోబెట్టుకో, అతను తీతువు అని ఎందుకనుకున్నాడో అదీ రాయించు. అతని అనుమానం కూడా రికార్డులో ఉండాల్సిందే.

అమ్మను మోకాళ్ళకు నూనె రాసుకోవడం మానొద్దని చెప్పు. జనవరిలో టికెట్లు దొరికితే వస్తాం, మంచి బైనాక్యులర్స్ తెస్తాను.

ఇట్లు
నీ కూతురు