ఇన్‌ఫ్లుయెన్సర్ల లెక్క వారికీ కనబడాలి

సంపాదకులకు,

చీరల దుకాణం మొదలుకొని దంతవైద్యశాల దాకా విశాఖలో ఇప్పుడు ప్రచారమంటే ముందుగా రీల్సే గుర్తుకొస్తున్నాయి. ఆ రీల్స్ చేసే ఇన్‌ఫ్లుయెన్సర్లతో వ్యవహారాలను పీఆర్ (ప్రజా సంబంధాల) ఏజెన్సీలు క్రమంగా సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తున్నాయి. సిరిపురంలోని ఒక చిన్న ఏజెన్సీలో పనిచేస్తున్న నాకు ఈ మార్పులో మేలుతోపాటు ఒక లోపం కూడా కనబడుతోంది.

మొన్నమొన్నటిదాకా మాకున్నది ఒక ఎక్సెల్ షీట్, నాలుగు వాట్సాప్ గ్రూపులు మాత్రమే. భీమిలి వైపు వంటల వీడియోలు చేసే ఒకావిడ పేరు ఆ షీట్‌లో ఒకచోట ఇంటిపేరుతోను, మరోచోట ఛానల్ పేరుతోను ఉండేది. ఒకే వంటనూనె ప్రచారానికి పొద్దున నేను ఎనిమిది వేలు ఇస్తామన్నాను. ఆ సంగతి తెలియని మా సహోద్యోగి మధ్యాహ్నం ఫోన్ చేసి ఐదు వేలన్నారు. "ముందు మీలో మీరు తేల్చుకోండి బాబూ" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు. సాఫ్ట్‌వేర్‌లో ఒకరికి ఒకే ఖాతా ఉంటుంది; మాట్లాడుకున్న రేటు, పంపిన వస్తువు, రీల్ పెట్టిన తేదీ, ఇన్‌వాయిస్, చెల్లింపు అన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి అలాంటి తలవంపులు మాకు తప్పాయి.

అయితే తెర తెరవగానే కనబడేది ఈ లెక్కలు కావు, ఫాలోవర్ల సంఖ్య, దాని పక్కన స్పందనను బట్టి సాఫ్ట్‌వేర్ వేసే ఒక స్కోరు. "చంపేశావ్ అన్నా" అని అభిమానులు మెచ్చుకుంటే మా సాఫ్ట్‌వేర్ దాన్ని వ్యతిరేక స్పందన కింద జమకట్టింది. ఫాలోవర్లు ఏ ఊరివారో ఇన్‌స్టాగ్రామ్ ఖాతాదారు చూపిస్తేనే సరిగ్గా తెలుస్తుంది, లేదంటే అది అంచనాయే. గాజువాక దుకాణానికి కావలసింది గాజువాక జనం కదా! అయినా క్లయింట్ ముందు మేము పెట్టేది ఆ స్కోరే.

నిజంగా నింపవలసిన గడులు మాత్రం ఖాళీగా ఉంటున్నాయి. ప్రకటన అయితే ప్రకటన అని చెప్పాలని 2021లో అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చాయి. డబ్బు తీసుకున్నా, ఉచితంగా వస్తువు తీసుకున్నా ఆ మాట ప్రచారం చేసిన భాషలోనే స్పష్టంగా ఉండాలి. హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో దాచకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ఇక ఆదాయపు పన్ను చట్టంలో 194ఆర్ సెక్షన్‌గా 2022 జూలై 1న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన ఉచిత వస్తువులపై 10 శాతం టీడీఎస్ (మూలంలోనే పన్ను కోత) పడుతుంది. ఫోన్ ఇచ్చి రీల్ చేయించుకునే మనవారిలో ఈ సంగతి చెప్పేవారు తక్కువ. ప్రకటన అని చెప్పారా, టీడీఎస్ కట్టారా అన్న ఈ రెండు గడులు నింపనిదే ఖాతా ముగియకుండా సాఫ్ట్‌వేర్‌లో అమర్చుకోవడం పెద్ద పని కాదు, మా ఏజెన్సీలు తలచుకోవాలంతే.

దానికి మించి, ఎవరి ఖాతా వారు చూసుకునే వీలు కల్పించాలి. తన వివరాలు తెలుసుకొని సరిదిద్దించుకునే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గుర్తించింది. ఆ భీమిలి ఆవిడ ఖాతాలో "కష్టమైన మనిషి" అన్న వ్యాఖ్య పాత షీట్ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి యథాతథంగా వచ్చి చేరింది. రెండు రేట్లు ఎందుకు చెప్పారని అడగడమే ఆవిడ చేసిన తప్పు. ఆవిడకు ఆ వ్యాఖ్య ఉందనే తెలియదు. తీసేద్దామని నేను ప్రయత్నిస్తే, నా లాగిన్‌కు ఆ అనుమతి లేదని వచ్చింది.

— ఒక పీఆర్ ఉద్యోగి, సిరిపురం, విశాఖపట్నం