పోర్టో సీసాకు ఉన్న ముద్ర పొందూరు పంచెకు ఎందుకు లేదు?

సంపాదకుల వారికి,

నమస్కారాలు. గత ఏడాది దసరా వెళ్లిన తరువాత, మా అబ్బాయి ఉద్యోగం చేస్తున్న పోర్చుగల్ దేశంలోని పోర్టో నగరానికి వెళ్లి మూడు వారాలు ఉండి వచ్చాను. యాత్రా విశేషాలు చెప్పుకోవడానికి ఈ లేఖ రాయడం లేదు. అక్కడ నాకు జరిగిన ఒక చిన్నతనం, ఆ మరునాడే ఆ నగరంలో కంటబడిన ఒక ఏర్పాటు, రెండూ మన శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు ఖాదీకి సంబంధించినవి కావడం వల్ల మీ పత్రిక ద్వారా నలుగురి ముందూ పెట్టాలనిపించింది.

బయలుదేరే ముందు, అబ్బాయి అద్దెకు ఉంటున్న ఇంటి యజమానికి కానుకగా ఇవ్వడానికని, ఒక దుకాణంలో పొందూరు పంచె అని చెప్పి అమ్మినదాన్ని కొన్నాను. ఆ పెద్దాయన ఉత్తర పోర్చుగల్‌లోని బట్టల మిల్లులో ఏళ్ల తరబడి పని చేసి విరమించుకున్నవారు. ఇది గాంధీజీ మెచ్చుకున్న నూలు అని, చేత్తో వడికి చేత్తో నేసినదని నేను చెబుతుండగా, ఆయన పంచె కొస నుంచి ఒక పోగు మెల్లగా లాగి, కిటికీ వెలుతురుకు పట్టి, రెండు వేళ్ల మధ్య పురి విప్పి చూశారు. పోగు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే లావున ఉంది. చేతి నూలైతే ఎక్కడో ఒకచోట సన్నమూ లావూ కనబడక మానవని, ఇది యంత్రం తీసిన నూలని, నన్ను నొప్పించకుండానే చెప్పారు. ఆ తరువాత, ఇది ఆ ఊరి బట్టేనని తెలిపే ముద్ర ఏదీ ఉండదా అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

మరునాడు ఆయనే నన్ను డోరో నది ఒడ్డుకు తీసుకువెళ్లారు. స్పెయిన్‌లో పుట్టి పోర్చుగల్‌ను అడ్డంగా దాటివచ్చే ఆ నది అట్లాంటిక్ మహాసముద్రంలో కలవబోయే చోట ఉత్తరపు ఒడ్డున పోర్టో, దక్షిణపు ఒడ్డున విలా నోవా డి గయా అనే పట్టణం ఉన్నాయి. రెంటినీ కలుపుతూ 1886లో నిర్మించిన రెండంతస్తుల ఇనుప వంతెన మీద, పై అంతస్తులో మెట్రో రైలు పోతుంటే పక్కనే జనం నడిచి వెళుతుంటారు. ఆ ఎత్తు నుంచి చూస్తే పోర్టో వైపు రిబేరా అనే పాత పేట ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు నది దాకా దిగి ఉంటాయి. గయా వైపు పొడుగాటి పెంకుల కప్పులు వరసగా కనిపిస్తాయి. ఒడిశా కొండల్లో పుట్టి మన పట్టణం గుండా సాగి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసే నాగావళి ఒడ్డున పెరిగినవాణ్ని కనుక, ఊరూ ఏరూ అంత దగ్గరగా బతకడం చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. పోర్టో పాత నగరాన్ని యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

ఆ పెంకుల కప్పుల కిందే పోర్ట్ వైన్ అనే తీపి ద్రాక్ష మద్యం నిలవ ఉంటుంది. ద్రాక్ష పండేది మాత్రం అక్కడ కాదు, నది వెంట ఎగువన ఎండకు మాడే పలకరాతి కొండల మీద. అక్కడ తయారైన వైన్‌ను పూర్వం రబేలో అనే అడుగు చదునైన పడవల్లో పీపాలకెత్తి దిగువకు తెచ్చేవారు. సముద్రపు చల్లని తేమగాలికి నిదానంగా పక్వానికి వస్తుందని గయాలో గిడ్డంగులు కట్టుకున్నారు. రసం పులుస్తుండగానే మధ్యలో ద్రాక్ష సారాయి కలిపి పులియడాన్ని ఆపడం వల్ల దానిలో తీపి మిగిలిపోతుందట. నేను మద్యం ముట్టను. అయినా ఆ చీకటి గిడ్డంగిలో మనిషెత్తు పీపాల మధ్య నడుస్తూ, పని చేసేవారి నోట ఆ సరుకు పుట్టుక విన్న గంటసేపు విలువైనదనే చెబుతాను. చివర ఒక సీసాను చేతికి ఇచ్చారు. దాని బిరడా మీదుగా మెడకు అటూ ఇటూ అంటించిన సన్నని కాగితపు పట్టీ ఒకటుంది. దాని మీద ఒక సంఖ్య అచ్చయి ఉంది. డోరో, పోర్టో వైన్‌లను పర్యవేక్షించే సంస్థ పరీక్షించి ఒప్పుకున్న సరుకుకే ఆ పట్టీ దక్కుతుంది, దాన్ని చింపకుండా సీసా మూత తీయడం కుదరదు. పెద్దాయన ముందురోజు అడిగిన ముద్ర అదే.

ఆ ముద్ర వెనుక ఉన్న చరిత్ర మనకు పాఠమయ్యేంత పెద్దది. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో పోర్ట్ వైన్‌కు గిరాకీ పెరిగేకొద్దీ కల్తీ కూడా పెరిగింది. పలచని వైన్‌కు ముదురు రంగు రావడానికి ఎల్డర్ అనే చెట్టు పండ్ల రసం కలిపేవారు. కొనేవారికి నమ్మకం పోయింది, ధర పడిపోయింది, నిజాయితీగా పండించినవారు కూడా ఆ కల్తీదారులతోపాటే మునిగిపోసాగారు. అప్పుడు, తరువాతి కాలంలో పోంబాల్ మార్క్విస్‌గా పేరుపొందిన మంత్రి 1756లో ఒక కంపెనీని స్థాపించి, ఏ నేలలో పండిన ద్రాక్షకు ఆ పేరు చెల్లుతుందో హద్దులు గీయించాడు. కాగితం మీద గీసి ఊరుకోలేదు. కొండల మీద 300కు పైగా గ్రానైటు హద్దురాళ్లు పాతించారు. ఎల్డర్ చెట్లను కూడా పెరికివేయించారు. ఒక సరుకు పేరును నేల హద్దులతో చట్టం కాపాడిన తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి.

ఇందులో మరొక ముఖం కూడా ఉంది. ఆ కంపెనీకి కట్టబెట్టిన గుత్తాధికారం వల్ల జీవనం దెబ్బతిన్నదని పోర్టోలోని చిన్న సారాయంగళ్లవారు, సామాన్యులు 1757లో తిరగబడ్డారు. ప్రభుత్వం పలువురిని ఉరితీసి ఆ తిరుగుబాటును అణచివేసింది. పేరును కాపాడే అధికారం పని చేసేవారి చేతుల్లో లేకుండా ఎక్కడో పైన ఉంటే ఏమవుతుందో చెప్పే ఘట్టం కాబట్టి దీన్ని దాచకుండా రాస్తున్నాను.

తిరిగివచ్చిన వారానికే నేను పొందూరు వెళ్లాను. హౌరా–చెన్నై రైలు మార్గం మీదే ఉన్న ఊరికి, ఇన్నేళ్లు జిల్లాలో ఉండి, పని చూడటం కోసమని వెళ్లడం నాకు అదే మొదటిసారి. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ఆమె గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతున్నారు. ఆ ఎముకకు ఉన్న సూదుల్లాంటి సన్నని పళ్లు చెత్తను వదిలించి దూది పోగులను ఒక వరసకు తెస్తాయి. ఇనుప దువ్వెన పెడితే పోగు తెగిపోతుందని ఆమె చెప్పారు. తరువాత గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, అవి చెదరకుండా ఎండిన అరటి దొప్పలో దాచి, ఒక్కొక్కటే తీసి రాట్నం మీద వడుకుతారు. 100 కౌంటు నూలు అంటే ఏమిటో అక్కడే లెక్క వేసుకున్నాను. ఒక పౌను, అంటే అరకిలోకు కూడా తక్కువ దూదిలోంచి 84,000 గజాల పోగు, సుమారు 77 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా పరిచినా ఇంకా మిగిలేంత దారం తీయాలి. నేను చూసినంతలో రాట్నాల ముందున్నవారిలో ఎక్కువమంది వయసు మళ్లిన స్త్రీలే. మిల్లు నూలు బట్టను పొందూరు పేరుతో అమ్మిన ప్రతిసారీ తరిగిపోయేది వారి కూలి.

ఖాదీ మార్కు ఉంది కదా అని కొందరు అనవచ్చు. అది ఖాదీ అవునా కాదా అన్నది చెబుతుంది; పొందూరులో తయారైందా లేదా అన్నది చెప్పదు. మన ప్రాంతంలో బుడితి కంచు, ఇత్తడి పనికీ, బొబ్బిలి వీణకూ, సరుకు పేరును అది పుట్టిన ప్రాంతానికే చెల్లేలా చట్టంతో కాపాడే భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. అటువంటి గుర్తింపు హద్దురాయి వంటిది, తప్పక ఉండవలసిందే. కానీ దుకాణంలో నిలబడ్డ కొనుగోలుదారు చేతిలోకి వచ్చేది హద్దురాయి కాదు, బట్ట. అందువల్ల పొందూరులో నేసిన ప్రతి పంచెకూ, చీరకూ, తానుకూ అంచున ఊడదీస్తే చిరిగిపోయే సంఖ్య గల పట్టీ కుట్టాలని, ఆ సంఖ్యను బట్టి ఏ మగ్గం మీద నేశారో తెలుసుకునే వీలు ఉండాలని, ఆ పట్టీలు ఇచ్చే సంఘంలో వడికేవారికీ నేసేవారికీ సగానికి తగ్గకుండా స్థానం ఉండాలని జిల్లా అధికారులనూ, చేనేత, ఖాదీ శాఖలనూ కోరుతున్నాను. పొందూరు పేరుతో మిల్లు నూలు అమ్మే దుకాణాల మీద తనిఖీలు కూడా జరగాలి.

మరొక మాట. అరసవల్లికీ శ్రీకూర్మానికీ ఏడాది పొడవునా వచ్చే భక్తులు ఇంత దగ్గరలో ఇటువంటి పని జరుగుతోందని తెలియకుండానే తిరిగిపోతున్నారు. గయాలో గిడ్డంగి చూడటానికి నేను టిక్కెట్టు కొన్నాను. పొందూరులో కూడా దువ్వడం నుంచి నేయడం దాకా ఒకే కప్పు కింద చూపించే ఇల్లు ఒకటి ఏర్పాటు చేసి, చూపించే మనిషికి ఆ పూట కూలి ఆ టిక్కెట్టు సొమ్ములోంచే చెల్లిస్తే, చూసినవారు అసలు బట్టను వేలితో తాకి గుర్తుపట్టడం నేర్చుకుంటారు. అరసవల్లి గుడి దగ్గర దారి చూపే బోర్డు ఒకటి పెట్టడానికి పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు.

వచ్చే నెల మా అబ్బాయి పోర్టోకు తిరుగు ప్రయాణం. ఆ పెద్దాయనకు ఇవ్వమని పొందూరులోనే కొన్న పంచె ఒకటి పంపుతున్నాను. దాని మీద మగ్గం సంఖ్య ఏదీ లేదు కనుక, కొన్నచోట ఇచ్చిన బిల్లును మడతలో పెట్టాను.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం