పేరు వేయొద్దన్న పెద్దాయనకు కృతజ్ఞతలు

మాగీ లీనా వాకర్ మీద పిల్లల కోసం తెలుగులో రాసిన పాఠాన్ని ఓపిగ్గా సరిచూసిన రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి గారికి మా అందరి నమస్కారాలు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు.

వాకర్ 1903 నవంబరు 2న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉన్న రిచ్‌మండ్‌లో సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తెరిచారనీ, అమెరికాలో బ్యాంకు స్థాపించి అధ్యక్షురాలైన తొలి నల్లజాతి మహిళ ఆవిడేననీ అందరూ రాసేదే. ఆ రోజు ఒకరు 31 సెంట్లతో ఖాతా తెరిచిన సంగతి పాఠంలోకి తెచ్చింది మీరు. పిల్లలకు చిన్న అట్టపెట్టెలు ఇచ్చి, వంద పెన్నీలు, అంటే ఒక డాలరు, పోగవగానే ఖాతా తెరిపించిన పద్ధతి కూడా మీ చలవే.

అన్నిటికన్నా మేలు చేసింది మహా మాంద్యం (1929లో మొదలైన పెద్ద ఆర్థిక సంక్షోభం) భాగం. డిపాజిట్లు అడగ్గానే ఇవ్వాలి. ఇంటి అప్పులేమో ఏళ్ల తరబడి వాయిదాల్లో వస్తాయి. అందరూ ఒకేసారి క్యూ కడితే నిక్షేపంలాంటి బ్యాంకు కూడా మునుగుతుంది. అందుకే వాకర్ పంతానికి పోకుండా, ఊళ్లోని మరో రెండు నల్లజాతి బ్యాంకులతో తన బ్యాంకును కలిపేసి, బోర్డు అధ్యక్షురాలిగా కొనసాగారు. దీన్ని ఓటమి అనేవాళ్లకు బ్యాలెన్స్ షీటు చదవడం రాదన్నమాట!

ఆ పేరా మీ మాటల్లోనే ఉంచాం. అచ్చు ప్రతి పోస్టులో వస్తోంది.