రఘూ, ఆ చౌక టికెట్టు కొనకు

పద్మారావు నగర్,
హైదరాబాద్

ప్రియమైన రఘూ,

నువ్వు పంపిన టికెట్ల వివరాలు నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. కార్తీక్‌కు పాప పుట్టిందన్న సంతోషంలో ఆ రోజే డబ్బు కట్టేస్తావేమోనని భయపడ్డాను. నన్ను అడిగేదాకా ఆగావు, చాలా మంచి పని చేశావు. ఫోనులో చెబితే సగం మాటలు గాలికి పోతాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. సుజాత చెల్లెమ్మకు కూడా చదివి వినిపించు.

టోక్యోకు మూడు దారులు రాశావు. ఢిల్లీ మీదుగా ఒకటి, సింగపూర్ మీదుగా ఒకటి, కౌలాలంపూర్‌లో విమానం మారుతూ రెండు వేర్వేరు టికెట్లతో ఒకటి. మూడోది మనిషికి 11,000 రూపాయలు తక్కువ అవుతుందని దాని కింద రెండు గీతలు గీశావు. రఘూ, ఆ టికెట్టు మాత్రం కొనకు.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. 2016లో అమ్మను ఒసాకాలో ఉన్న చెల్లెలి దగ్గరికి తీసుకువెళ్లేటప్పుడు నేను సరిగ్గా అలాంటి టికెట్లే కొన్నాను. ఇక్కడి నుంచి కౌలాలంపూర్ దాకా ఒక విమాన సంస్థ, అక్కడి నుంచి ఒసాకాకు ఇంకొకటి. మధ్యలో ఆరు గంటల వ్యవధి ఉంది కదా అని నిశ్చింతగా బయలుదేరాం. శంషాబాద్ కౌంటరులో అమ్మాయి పెట్టెలు తూచింది, పాస్‌పోర్టులు తిరగేసింది, మలేసియా వీసా ఏదని అడిగింది. మేము ఆ దేశంలోకి వెళ్లడం లేదమ్మా, విమానం మారతాం అంతే అన్నాను. ఆమె ఓపికగానే చెప్పింది. టికెట్లు రెండూ వేరు కాబట్టి పెట్టెలు కౌలాలంపూర్ దాకానే వెళతాయి. వాటిని తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి. మళ్లీ ఇంకో టెర్మినల్‌కు వెళ్లి అక్కడ అప్పగించాలి. వీసా లేనివాళ్లను ఇక్కడ ఎక్కించుకుంటే తర్వాత మాకే చిక్కు, అంది.

అరగంట బతిమాలాను. అమ్మ ట్రాలీ అంచు మీద కూర్చుని ఉంది. ఒళ్లో పులిహోర డబ్బా, దాని చుట్టూ కట్టిన తెల్లటి తుండుగుడ్డ. ఆ ముడిని విప్పుతూ, మళ్లీ వేస్తూ ఉంది. ‘ఏమయింది నాన్నా’ అని ఒక్కసారే అడిగింది. నేను చెప్పిన తర్వాత ఇంకేమీ అనలేదు. రాత్రి ఒంటిగంటకు అవే పెట్టెలతో ఇంటికి తిరిగి వచ్చాం. ఆ టికెట్ల డబ్బు వెనక్కి రాలేదు. నాలుగు రోజుల తర్వాత ఇంకా ఎక్కువ పెట్టి, ఒకే టికెట్టు మీద వెళ్లాం.

ఇప్పుడు మలేసియా వీసా బెడద తగ్గిన మాట నిజమే. 2023 డిసెంబరు నుంచి మనవాళ్లను 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తున్నారు. అయినా నా మాట మారదు. కౌలాలంపూర్‌లో టెర్మినళ్లు రెండు. చౌక విమానాల కోసం 2014లో తెరిచిన రెండో దానికి మొదటి దాని నుంచి రైలులో వెళ్లాలి. ఇమిగ్రేషన్ వరుస, పెట్టెల కోసం నిరీక్షణ, రైలు, మళ్లీ కౌంటరు, మళ్లీ తనిఖీ. ఇదంతా మోకాళ్ల నొప్పులతో ఉన్న బాబాయి గారు, ఆయన చెయ్యి పట్టుకుని నడిచే పిన్ని చేయాలి. ఒకే టికెట్టు అయితే పెట్టెల మీద ఇక్కడే టోక్యో చీటీ అంటిస్తారు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, తర్వాతి విమానంలో చోటు చూపించే బాధ్యత వాళ్లదే. వేర్వేరు టికెట్లయితే రెండో సంస్థ దృష్టిలో నువ్వు రాని ప్రయాణికుడివి. చాలాసార్లు తిరుగు ప్రయాణం టికెట్టు కూడా దాంతోనే రద్దవుతుంది. నలుగురికీ కలిపి మిగిలే 44,000 రూపాయల కోసం ఇంత పణంగా పెట్టవద్దు.

ఢిల్లీ దారి చెడ్డది కాదు. అక్కడి నుంచి టోక్యోకు ఎనిమిది గంటల లోపే, మధ్యలో ఇంకో దేశం ఉండదు. కానీ నువ్వు రాసిన దానిలో హైదరాబాద్ విమానం ఒకటో టెర్మినల్‌లో దిగుతుంది, టోక్యో విమానం మూడు నుంచి బయలుదేరుతుంది. ఆ రెంటికీ మధ్య రోడ్డు మీద కొన్ని కిలోమీటర్ల ప్రయాణం. రెండు విమానాలూ మూడో టెర్మినల్‌లోనే ఉండేది దొరికితే అప్పుడు ఆలోచిద్దాం. డిసెంబరు, జనవరి అయితే అదీ వద్దనేవాణ్ని, పొగమంచుకు ఉదయం విమానాలన్నీ తలకిందులవుతాయి. మీరు వెళ్లేది ఏప్రిల్‌లో కాబట్టి ఆ భయం లేదు.

నా మనసు సింగపూర్ మీదనే ఉంది. లెక్క చూడు. ఇక్కడ రాత్రి 11 గంటలకు ఎక్కితే నాలుగున్నర గంటల ప్రయాణం. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి అక్కడ ఉదయం ఆరవుతుంది. రెండున్నర గంటల విరామం. ఎనిమిదిన్నరకు ఎక్కితే ఏడు గంటల్లో టోక్యో. అక్కడ ఇంకో గంట ముందుకు జరుగుతుంది కనుక సాయంత్రం నాలుగున్నర. చీకటి పడేలోపు కార్తీక్ ఇల్లు చేరతారు, రాత్రికి వేళకు పడుకుంటారు. మనకూ జపానుకూ తేడా మూడున్నర గంటలే, ఒంటికి రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. టికెట్టు చూసేటప్పుడు మొత్తం గంటలు ఎన్నో చూడటం కంటే, పెద్దవాళ్లు ఏ వేళకు ఎక్కడ ఉంటారో చూడటం ముఖ్యం. తెల్లవారుజామున మూడింటికి కుర్చీలో కూర్చోబెట్టే విరామం రెండు గంటలైనా ఒళ్లు హూనం చేస్తుంది. అలాగని గంట, గంటంబావు విరామం ఉన్న టికెట్టు ఎప్పుడూ తీసుకోకు. అమ్మేవాళ్లకు అది చాలినా బాబాయి గారి కాళ్లకు చాలదు.

టోక్యో అని రాసి ఉంటే సరిపోదు, ఏ విమానాశ్రయమో చూసుకో. మనకు బేగంపేట, శంషాబాద్ ఉన్నట్టే వాళ్లకు హనెదా, నారితా. హనెదా ఊరిని ఆనుకుని సముద్రం ఒడ్డున ఉంటుంది. 1978లో తెరిచిన నారితా 60 కిలోమీటర్ల దూరం. కార్తీక్ ఉండేది యోకోహామాలో. హనెదా నుంచి రైలులో అరగంట, నారితా నుంచి గంటన్నర. మనిషికి మూడు నాలుగు వేలు ఎక్కువైనా హనెదాకే తీసుకో.

విమానం పేరు కూడా చూడు, నవ్వకు. మామూలు విమానాల్లో లోపలి గాలి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నంత పల్చగా ఉంటుంది. మనం కలిసి వెళ్లిన ఊటీ కంటే ఎత్తు అది. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 రకాల్లో దాన్ని ఆరు వేల అడుగుల దగ్గర ఉంచుతారు. వాటి ఒళ్లు ఎక్కువగా కార్బన్ పీచుతో చేసింది, లోహంలా తుప్పు పట్టదు. అందుకే లోపల ఒత్తిడి, తేమ కాస్త ఎక్కువ ఉంచగలరు. మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి ఏడు గంటల్లో ఈ తేడా తెలుస్తుంది. ఎందుకైనా మంచిది, బయలుదేరే ముందు డాక్టరు గారికి ఒకసారి చూపించు.

చక్రాల కుర్చీ మాత్రం మొహమాటపడకుండా అడుగు. డబ్బు తీసుకోరు. బాబాయి గారు ‘నాకేమయింది’ అంటారని తెలుసు. ఆ విమానాశ్రయాలు ఎంత పొడవో చూశాక ఆయనే కూర్చుంటారు. రెండు రోజుల ముందే చెప్పాలి, ఏ రకమో కూడా చెప్పాలి. ఎక్కువ దూరం నడవలేకపోయినా మెట్లెక్కగలిగితే డబ్ల్యూ.సి.హెచ్.ఆర్., మెట్లు కూడా ఎక్కలేకపోతే డబ్ల్యూ.సి.హెచ్.ఎస్. ఆయనకు రెండోదే రాయించు. మొదటిది రాస్తే మెట్ల ముందు దించి ఎక్కమంటారు.

పిన్ని భోజనం సంగతి. టికెట్టు కొన్నాక ఒక రోజు ముందుగానైనా ఏ.వి.ఎం.ఎల్. అని ఎంచుకో. అది మన దేశపు పద్ధతి శాకాహారం, అన్నం, పప్పు, కూర వస్తాయి. ఉత్త శాకాహారం అని వదిలేస్తే ఉప్పూ కారం లేని ఉడికించిన కాయగూరలు పెట్టవచ్చు. ఆవకాయ జాడీ చేతి సంచిలో పెట్టవద్దు, 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలని తనిఖీలో తీసేస్తారు. నూనె కారకుండా గట్టిగా కట్టి పెద్ద పెట్టెలో పెట్టించు. సింగపూర్‌లో తనిఖీ విమానం ఎక్కే ద్వారం దగ్గరే ఉంటుంది, అక్కడ నీళ్ల సీసాలు కూడా పారబోయిస్తారు.

సింగపూర్‌లో రెండు రోజులు ఆగుదామా అని అడిగావు. ఆగండి, కానీ వచ్చేటప్పుడు. వెళ్లేటప్పుడు అందరి ప్రాణం పాప దగ్గరే ఉంటుంది, ఊరు చూసే మనసు ఎవరికీ ఉండదు. మూడు వారాలు జపాను తిండి తిన్న తర్వాత సెరంగూన్ రోడ్డులో దిగితే పిన్నికి ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. శ్రీనివాస పెరుమాళ్ కోవెల అక్కడే ఉంది. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో ఇడ్లీ, సాంబారు దొరుకుతాయి. విమానాశ్రయంలో 2019లో తెరిచిన జ్యుయెల్ అనే భవనంలో 40 మీటర్ల జలపాతం కప్పు మీద నుంచి దూకుతుంది. అది ఇమిగ్రేషన్‌కు బయట ఉంది కాబట్టి వెళ్లేటప్పటి కాస్త విరామంలో చూడలేరు. సింగపూర్ వీసా ఇక్కడే తీసుకుందాం, జపాను వీసా చేతికి వచ్చాక. టికెట్టు కొనేటప్పుడు ‘అనేక నగరాలు’ అన్న గడిలో టోక్యో నుంచి తిరుగు దారిని సింగపూర్ దాకా ఒకటి, రెండు రోజుల తర్వాత హైదరాబాద్‌కు ఒకటి అని వేస్తే అంతా ఒకే టికెట్టుగా వస్తుంది. విడివిడిగా కొంటే ధర పెరుగుతుంది. 24 గంటలు దాటిన విరామానికి కొన్నిచోట్ల అదనంగా తీసుకుంటారు, అది చూసి చెబుతాను.

తేదీల్లో ఒక్క మార్పు. మీరు అనుకున్న తిరుగు ప్రయాణం మే 2న పడుతోంది. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపానులో వరుస సెలవులు, దేశం దేశమంతా ప్రయాణాల్లో ఉంటుంది. వారం ముందుకు జరుపు, లేదా పాపతో ఇంకో పది రోజులు ఉండండి.

పాస్‌పోర్టుల మొదటి పేజీలు నలుగురివీ పంపించు. బాబాయి గారి దానిలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందని చెప్పినట్టు గుర్తు. మన పెద్దవాళ్లలో చాలామందికి అంతే, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. టికెట్టులో ఏం రాయాలో ఒక్కో సంస్థకు ఒక్కో పద్ధతి. నేను ముందే అడిగి తెలుసుకుంటాను. అక్షరం తప్పితే కౌంటరు దగ్గర మళ్లీ ఆ అరగంట.

ఇక ఇక్కడి దాకా రావడం. రాజమండ్రి నుంచి విమానంలో వచ్చి అదే రాత్రి ఎక్కుతామన్నావు, అదీ వేరే టికెట్టే కదా! ముందు రోజు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, తెల్లవారేసరికి సికింద్రాబాదులో ఉంటారు. స్టేషన్‌కు నేను వస్తాను. పగలంతా మా ఇంట్లో పడుకోండి. కింది గదిలో మంచం ఎత్తు తగ్గించాను, బాబాయి గారికి మోకాలు ఇబ్బంది ఉండదు. రాత్రి ఏడింటికి భోజనాలు చేసి బయలుదేరితే ఎనిమిదిన్నర లోపే శంషాబాద్. టికెట్టు లేని నన్ను లోపలికి రానివ్వరు, తలుపు దాకా వస్తాను. పెట్టెలు లోపలికి వెళ్లి చీటీల మీద హనెదా అని పడేదాకా బయట ఉంటాను. ఫోను చేయి, అప్పుడు ఇంటికి వస్తాను.

రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. కింది బెర్తులు రెండు కావాలి, ఆ రోజు ఉదయమే చూడు.

నీ
శ్రీను