న్యూయార్క్ నుంచి నాన్నగారికి

పూజ్యులైన నాన్నగారికి మీ పెద్దమ్మాయి నమస్కరించి వ్రాయునది.

నేను ఇక్కడ క్షేమం. ఆఫీసు పని మామూలుగానే సాగుతోంది. ఇక్కడ లాయరు లైసెన్సుకు రాసే బార్ పరీక్ష కోసం జూలై అంతా సెలవు ఇచ్చారు. తెనాలి కోర్టులో మీ పక్కన అన్నేళ్లు ప్రాక్టీసు చేసినదానివి, మళ్లీ పరీక్ష ఏమిటని మీరు అడిగిన మాట మనసులోంచి పోలేదు. మన దగ్గర ముందు బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి ఆ తర్వాత బార్ పరీక్ష రాసేవాళ్లం. ఇక్కడ పరీక్ష గట్టెక్కనిదే లైసెన్సు మాటే లేదు.

జూలై ఆఖరి మంగళ, బుధవారాల్లో పరీక్ష. మొదటి రోజు 6 వ్యాసాలు, కేసు ఫైలు చేతికిచ్చి మెమో వంటివి రాయించే ప్రశ్నలు 2; రెండో రోజు 200 ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు 6 గంటలు. మొత్తం 400కు 266 రావాలి. ఫైలు ప్రశ్నలకు నేను భయపడను. చార్జిషీటు, పోలీసులు సాక్షుల దగ్గర రాసుకున్న 161 సెక్షన్ స్టేట్‌మెంట్లు, పంచనామా వరుసగా పేర్చి, తేదీల కింద ఎర్ర సిరాతో గీత గీయడం మీ బల్ల దగ్గరే నేర్చుకున్నాను.

ఇబ్బందల్లా సాక్ష్య చట్టంతోనే. మరణ వాంగ్మూలం అనగానే మీరు వాదించిన ఆ కోడలి కేసు కళ్లముందుకు వస్తుంది. ఆ పిల్ల బతుకుతాననే ఆశతోనే మేజిస్ట్రేటుకు చెప్పింది. చెప్పేటప్పుడు చావు భయం ఉండనక్కర్లేదని అప్పటి సాక్ష్య చట్టం 32వ సెక్షన్ చూపించి మీరు నిలబెట్టారు. ఇక్కడి ఫెడరల్ నియమం ప్రకారం చావు ముంచుకొచ్చిందన్న నమ్మకంతో చెప్పిన మాటే చెల్లుతుంది, అదీ హత్య కేసుల్లోనూ సివిల్ దావాల్లోనూ మాత్రమే. పైగా చెప్పిన మనిషి చనిపోయి ఉండాలని లేదు, సాక్ష్యానికి రాలేని స్థితిలో ఉంటే చాలు. నా మటుకు మన నియమమే న్యాయమనిపిస్తుంది, కానీ పరీక్షలో ఇక్కడి జవాబే రాయాలి కదా. మీరు నేర్పినదానికి పక్కనే రెండో గడి గీసుకుని చదువుతున్నాను తప్ప, దాన్ని చెరిపేయడం లేదు నాన్నగారూ.

కోచింగ్ ఫీజు ఆఫీసే కట్టింది, పొలం మాట ఎత్తకండి. నేను చిక్కిపోయానని అమ్మ దిగులు పడనక్కర్లేదు. ఆదివారాలు ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్లి, కింద క్యాంటీన్‌లో దోసె తిని, అక్కడి నుంచే లైబ్రరీకి పోతున్నాను.

ఫలితాలు అక్టోబరు చివరికి గాని రావు. నా పరీక్ష అయ్యేదాకా కంటి ఆపరేషన్ వద్దని మీరు అన్నారని అన్నయ్య చెప్పాడు. అది నాకు ఏమాత్రం ఇష్టం లేదు. ఈ వారమే డాక్టరుగారిని కలిసి, తేదీ ఖరారు కాగానే అన్నయ్య చేత ఫోన్ చేయించండి.

మీ
పెద్దమ్మాయి