నెల్లూరు స్టేషన్ దగ్గర ఇడ్లీల బండి అక్కకు దండం

మా బాబు ఈ సాయంత్రం ఇంటికొచ్చాడు. అన్నం తిని నా పక్కనే పడుకున్నాడు. ఆదివారం నుంచి నాకు సరిగా నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి. మా తమ్ముడి ఫోన్ తీసుకుని రాస్తున్నాను.

మాది కొండపి వైపు. బాబు నెల్లూరులో హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వాడితో మాట్లాడేది వారానికి ఒక్కసారి, ఆదివారం, వార్డెన్ ఫోన్లో అయిదు నిమిషాలు. మొన్న డిసెంబరు 3వ తేదీన ఆ ఫోన్ రాలేదు. మధ్యాహ్నానికి మిచాంగ్ తుఫాను వాన పెరిగి మా ఊళ్లో కరెంటు పోయింది. కాసేపటికి నా ఫోన్లో ఛార్జింగూ అయిపోయింది.

అప్పటికే వాడు హాస్టల్లో లేడు. సోమవారం సెలవని పిల్లల్ని పంపేశారు. సింగరాయకొండ రైలెక్కుదామని స్టేషన్‌కొస్తే రైళ్లు రద్దు. తోడొచ్చిన పెద్ద పిల్లలు వాళ్ల దారిన వెళ్లిపోయారు.

స్టేషన్ బయట ఇడ్లీల బండి పెట్టుకునే అక్క, బండి మూసుకుంటూ వీణ్ని చూసిందట. "ఏడవబాక నాయనా, మీ అమ్మ నంబరు చెప్పు" అంది. వాడికి నోటికొచ్చిన నంబరు నాదొక్కటే. కానీ ఆ అక్క ఫోన్లో రీఛార్జ్ అయిపోయి ఉంది. ఫోన్లు వస్తాయి గానీ పోవు. వ్యాపారం లేని రోజు, ఆ వానలో తడుస్తూ పోయి 239 రూపాయలు పెట్టి రీఛార్జ్ చేయించింది. మా వాడి కోసం. నా ఫోన్ స్విచ్ఛాఫ్ వస్తున్నా అరగంటకోసారి చేస్తూనే ఉంది. రాత్రి తొమ్మిదికి ఎదురింటి వాళ్ల ఇన్వర్టర్‌కి పెట్టి నా ఫోన్ ఆన్ చేస్తే తెలియని నంబరు నుంచి 14 మిస్డ్ కాల్స్ అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. చేతులు వణికాయి. తిరిగి చేస్తే ఆవిడ ఎవరో కూడా చెప్పలా, "ఇదిగోమా, నీ బిడ్డ" అని ఫోన్ వాడి చేతికిచ్చింది. వాడు "అమ్మా" అన్నాడు. నేను మాట్లాడలేకపోయాను.

దారులన్నీ నీళ్లు. మూడు రాత్రులు వాణ్ని తన ఇంట్లోనే పెట్టుకుంది. ఇల్లు ఒక పక్క కారుతుంటే వాణ్ని తన పిలకాయల మధ్య పొడిగా ఉన్న చోట పడుకోబెట్టి, తను గోడకానుకుని కూర్చుందట. అక్కడా కరెంటు లేదు. ఛార్జింగ్ మిగలాలని ఫోన్ ఆపేసి, పొద్దునొకసారి, చీకటి పడ్డాక ఒకసారి మాత్రం ఆన్ చేసి నాతో మాట్లాడించేది. అయిదు నిమిషాలయ్యాక నేనే పెట్టేయబోతే "మాట్లాడుమా, నేనేమన్నా లెక్కబెడతన్నానా" అంది. ఆ మాటకి ఏడ్చేశాను.

మా ఆయన పొగాకు తోటలో నీళ్లు తీస్తూనే అందరికీ ఫోన్లు చేయించాడు. తమ్ముడు ఈ పొద్దున వెళ్లి తీసుకొచ్చాడు. డబ్బులిస్తే ఆవిడ తీసుకోలేదు. పేరు కూడా పెట్టొద్దంది.

హాస్టల్ వాళ్లనడిగితే వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా అన్నారు. నాది బటన్ ఫోనని వాళ్లకు తెలుసు. ఫీజు రెండు రోజులు ఆలస్యమైతే ఇదే నంబరుకు మూడుసార్లు ఫోన్ చేస్తారే! పదమూడేళ్ల పిల్లాణ్ని తుఫానులో బయటికి పంపేటప్పుడు ఒక్కసారి చేయలేకపోయారా? ఇక మీదట 50 పైసల పోస్టుకార్డులు అడ్రసు రాసి వాడి పెట్టెలో పెడతాను. ఆపదలో ఉన్న పిల్లలు సాయానికి చేసే 1098 నంబరు కూడా నోటికి నేర్పిస్తున్నాను.

స్టేషన్లో పోలీసాయన వచ్చి వివరాలు రాసుకున్నారట, ఆయనకూ దండం. ఎదురింటి వదినకు చెప్పడం మర్చిపోయాను, ఇన్వర్టర్ వాళ్లదే. తమ్ముణ్నీ బాబునీ ఊరి మలుపు దగ్గరే దింపిన బస్సు డ్రైవరన్నకు కూడా.

ఇంకొకరు. రీఛార్జ్ కొట్టు అబ్బాయి అప్పటికే షట్టర్ వేసి వెళ్లిపోతున్నాడట, అక్క పిలిస్తే వెనక్కొచ్చి తాళం తీశాడట. ఆ బాబుకి కూడా.